తడి మూట

మనుషులంటే నాకు అసహ్యం పుట్టింది వాళ్ళ చొక్కాల చంకలు చూశాకే.

పాత బట్టలు వేరుచేసే షెడ్డులో పని మాది. జనం దానమని ఇచ్చిన సంచులు వ్యానులో వచ్చి మా బల్లల మీద పడతాయి. బాగున్నవి బేళ్ళుగా, అంటే పెద్ద మూటలుగా, కట్టి మళ్ళీ అమ్మకానికి పంపుతారు. చిరిగినవీ వెలిసినవీ తుడుపు గుడ్డలవుతాయి. మిగతాది చెత్త. నా పక్క బల్ల మా పెద్దమ్మది. అక్కడ అందరూ ఆమెను ముక్కమ్మ అంటారు. సంచి ముడి విప్పకముందే, "ఇందులో చంటిపిల్లాడి ఉచ్చ, దీన్లో సిగరెట్లు" అని చెప్పేస్తుంది.

వాంతి ఎండిపోయిన దుప్పటి, కుక్క వెంట్రుకలు పట్టిన కోటు, ముక్కు చీదిన రుమాలు జేబులోనే ఉన్న ప్యాంటు. ఇవి మా మొహాన కొట్టి పుణ్యం మూటగట్టుకున్నామనుకుంటారు! వాటి పక్కనే ధర చీటీ కూడా తీయని చొక్కాలు. అవి చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. కంపు కొట్టేదాన్ని కనీసం ఎవరో తొడుక్కున్నారు.

పెద్దమ్మ చేతులకి తొడుగులుంటాయి. తొడుగుల్లోంచి తడి తెలియదు. అందుకని ప్రతి బట్టనీ చెంపకి ఆనించి చూసేది. ఎవరెవరి ఒంటి మీదివో! నేను మొహం తిప్పుకునేదాన్ని.

"ఒక్కటి చెమ్మగా పోయినా బేలంతా బూజు పడుతుందే. మొహానిదేముంది, ఇంటికెళ్ళి కడుక్కుంటా" అనేది.

అప్పటికే ఒక బేలు బూజు పట్టి వెనక్కి వచ్చింది. ఎవరి బల్లదో తేలలేదు. మళ్ళీ వస్తే ఆ బల్ల మనిషిని తుడుపు గుడ్డలు కత్తిరించే గదిలో వేస్తానని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. కిటికీ లేని గది అది, గాలంతా గుడ్డల నూగు. పెద్దమ్మకి ఉబ్బసం. ఆ గది ముందునుంచి నడిచినా పిల్లికూతలు మొదలయ్యేవి.

ఇక మేమంతా ఉండే ఇంట్లో మా వదిన. మంచి మనిషే. కాకపోతే అన్నయ్య ఒక పూట తొడిగిన చొక్కాని కూడా మిషన్లో పడేస్తుంది. అలా ఉతికి ఉతికి రంగు పోగొట్టి, రంగు పోయిందని కొత్తవి కొంటుంది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని పెద్దమ్మ ఆ వాంతి దుప్పటి గురించి చెప్పింది.

"ఉతికి ఇవ్వడానికి ఏం రోగం వీళ్ళకి?"

ఆ మాట వదిన మనసుకి పట్టింది. బీరువాలోంచి తీసేసిన బట్టలన్నీ ఉతికింది, ముచ్చటగా మడతలు పెట్టింది. అవి పూర్తిగా ఆరకముందే, వీధిలోకొచ్చిన దానాల వ్యాను వెళ్ళిపోతుందన్న హడావిడిలో ప్లాస్టిక్ సంచిలో కుక్కి, పాత చున్నీ అంచుతో బిగించి కట్టింది.

షెడ్డులో ఆ ముడి చూడగానే పెద్దమ్మ మురిసిపోయింది. "మా కోడలి సంచే! సబ్బు వాసన చూడవే, ప్రాణం లేచొచ్చింది" అంది. వాటిని చెంపకి ఆనించలేదు. మనింటి బట్టలకి పరీక్షేమిటనుకుంది. బాగున్నవి ఏరి అలాగే బేలులో వేసేసింది.

కొన్ని వారాలకి ఆ బేలు తిరిగొచ్చింది. తాళ్ళు కోయగానే వచ్చిన ముక్కిపోయిన వాసనకి మేస్త్రీయే బయటికి పరుగెత్తాడు. మంచి స్వెట్టర్లు, పిల్లల యూనిఫారాలు, అన్నిటి మీదా నల్లటి బూజు. మధ్యలో వదిన పువ్వుల నైటీ, జిగురు పట్టి, పక్క బట్టలకి అతుక్కుపోయి ఉంది.

"ఎవరి బల్లది ఇది?" అన్నాడు మేస్త్రీ.

"నాదే" అంది పెద్దమ్మ.

"ఆవిడకి ఉబ్బసమని తెలుసు కదండీ!" అన్నాను నేను.

"అందరికీ ఒకటే రూలమ్మా" అని చేతులు దులుపుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే వదిన ఏడ్చింది. "మీ కోసమేగా అత్తయ్యా, అంత కష్టపడి ఉతికాను!" నిజమే. తిట్టడానికి కూడా వీల్లేని తప్పు. అన్నయ్య మాత్రం ఇస్త్రీ చొక్కా మార్చుకుంటూ, "పోనీలే, పనైతే ఉందిగా" అన్నాడు. వాడి మొహం చూడాలంటేనే రోత పుట్టింది నాకు.

పెద్దమ్మ ఆ గదికి పోవడం మొదలుపెట్టింది. కనుబొమల్లో నూగుతో తిరిగొచ్చి, గోడ పట్టుకుని కూర్చునేది. ఒకనాడు అలా కూర్చుని ఉండగానే వదిన ఇంకో సంచి తెచ్చి ముందు పెట్టింది.

"ఈసారి ఎండలో బాగా ఆరేశానత్తయ్యా. చుక్క తడి లేదు."

"చిరిగాయా?"

"లేదు. వెలిశాయంతే."

"వెలిసినవన్నీ నా గదికే వస్తాయమ్మా." పెద్దమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "నేనే కత్తిరించాలి. ఆ నూగంతా నేనే మింగాలి." మళ్ళీ ఆగింది. "ఇంట్లోనే ఉంచుకుని తొడుక్కోమ్మా."

వదిన సంచి ఎత్తుకుని వెళ్ళి బీరువా తెరిచింది. లోపల వేలు దూర్చే చోటు కూడా లేదు.