ఐస్‌పెట్టెలో వేలు

మా అక్క నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. చేతిలో కత్తి ఉన్నదానికి నోటితో పనేముందని నేనంటాను. చేపలు కోసి పెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా తలలు కోయడం ఆమె పని. పక్క బల్ల నాది. పెట్టెల్లో ఐస్ నింపుతాను.

మొదట్లో కత్తితోనే కోసేది. తర్వాత మిషను వచ్చింది. దాని బ్లేడుకు ఇనుప మూత ఉండేది. మూత వల్ల పని సాగడం లేదని మేనేజరు ఊడదీయించాడు. మళ్లీ పెట్టించమని అక్క రెండుసార్లు అడిగింది. "చూద్దాంలేమ్మా" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

ఒక మధ్యాహ్నం ఆమె కుడిచేతి చూపుడువేలు తెగి బల్ల మీద పడింది. అక్క అరవలేదు. చేతిని గుడ్డతో అదిమిపట్టి, "ఆ వేలు తియ్యవే. డాక్టర్లు అతికిస్తారంట" అంది. తీశాను. చెడిపోకుండా ఉంచడానికి నాకు తెలిసింది ఒక్కటే. పెట్టెలో ఐస్ పోసి, వేలు పెట్టి, పైన మళ్లీ ఐస్ కప్పాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పెట్టె తెరిచి, ఐస్ పక్కకు తోసి వేలు బయటికి తీసింది.

"నేరుగా ఐస్‌లో పెట్టేశారా? కండ గడ్డకట్టి చచ్చిపోయిందమ్మా. తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, మూతి బిగించి, ఆ కవరుని ఐస్‌నీళ్లలో ఉంచాలి. అలా తెచ్చుంటే అతికించడానికి చూసేదాన్ని."

నా చేతులు నేనే నరుక్కోవాలనిపించింది. మర్నాడు అక్క సెలవు కాగితాల మీద సంతకం కోసం మేనేజరు గదికి వెళ్లాను. డాక్టరమ్మ చెప్పిన ఆ మాటలే బొమ్మలతో సహా గోడకు అంటించి ఉన్నాయి, కొక్కేనికి వేలాడుతున్న ఆయన కోటు వెనక. ఒళ్లు మండిపోయింది. వేళ్లు తెగేది మాకు, కాగితం ఆయన గదిలో.

నెలన్నర తర్వాత అక్క పనిలోకి వచ్చింది. మేనేజరు అందరి ముందూ, "వేలిని ఎవరైనా ఐస్‌లో పడేస్తారా? ఆ మాత్రం తెలీదా మీకు?" అన్నాడు.

"చేపకి ఐస్ ఎలా వెయ్యాలో ఇన్నేళ్లూ మీరే నేర్పారు సార్" అంది అక్క. "వేలి సంగతి ఎప్పుడైనా చెప్పారా? మూత పెట్టించండి. అప్పటిదాకా నేను కొయ్యను."

స్టూలు లాక్కుని కూర్చుంది. మేమూ కూర్చున్నాం. బల్లల మీద చేపలు మెత్తబడసాగాయి. అక్క వేలికి లేని తొందర వాటికి వచ్చింది. మేనేజరే పరుగున వెళ్లి మెకానిక్కును పిలుచుకొచ్చాడు.

మూత బిగిస్తున్నంతసేపూ నేను గడియారం చూస్తూనే ఉన్నాను. పది నిమిషాలు పట్టింది.