నా చీరలో మామ మోచెయ్యి

నిన్న బీరువాలో పట్టుచీరలు తీసి మడతలు మారుస్తున్నాను. ఎప్పుడూ ఒకే మడతలో పెడితే పట్టు అక్కడే చిట్లుతుంది. పక్కన కూర్చుని సాయం చేస్తున్న కోడలు వంకాయరంగు చీరను వేళ్లతో తడిమి, కుచ్చిళ్ల దగ్గర నేత కొంచెం మెత్తగా ఉందేమిటని అడిగింది. ఆ పిల్లవి మంచి వేళ్లు. ఇన్నిసార్లు కట్టాను, ఇన్ని పెళ్లిళ్లకు వెళ్లాను, ఒక్కరూ కనిపెట్టలేదు. అది మా మామ మోచెయ్యి విరిగిన చోటని చెప్పాను. వేళాకోళం అనుకుని నవ్వింది. ఇంకెవరైనా నవ్వుతారు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, ధర్మవరంలో పట్టు నేస్తాడు. డెబ్బైకి దగ్గరపడినా గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడంటే భోజనానికి పిలిచినా వినపడదు. నేను బడి ఉద్యోగం నుంచి రిటైరవుతున్నానని తెలిసి, నన్ను అడగకుండానే ఆ చీర మొదలుపెట్టాడు. మూడోవంతు నేసి ఉండగా, ఒక పొద్దున తరువాతి చీరల పడుగు పోగులు వీధి పొడుగునా సాగదీసి ఉంచారు. మా సీమలో వాన చెప్పి రాదు, చెప్పినా రాదు. ఆ రోజు మాత్రం చెప్పకుండా వచ్చింది. పోగులు తడుస్తాయని మామ పరుగెత్తి, తడిసిన బండ మీద జారి కుడి మోచేతి మీద పడ్డాడు. పడుగు మాత్రం తడవలేదు. వాన కోసం జీవితమంతా ఆకాశం చూసినవాడు తీరా వచ్చిన వానకే పడ్డాడని వీధంతా నవ్వింది. అనంతపురం ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసేదాకా మామ కూడా నవ్వాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక పెద్దది. మోచేతి వెనకవైపు మొన విరిగిందని, అయితే ముక్క పెద్దగా జరగలేదని పటంలో చూపించింది. ఆపరేషన్ చేసి తీగతో బిగించవచ్చు. చెయ్యకుండా కట్టులోనే ఉంచి మాననివ్వచ్చు. వయసులో ఉన్నవాళ్లకో, ముక్క దూరం జరిగినవాళ్లకో అయితే తను ఆపరేషనే చెప్పేదట. మామకు వయసు మీద పడింది, పైగా చక్కెర జబ్బు, గాయం తొందరగా మానదు. కట్టుతో వదిలేస్తే చెయ్యి కొసాకు సాగకపోవచ్చు, నెట్టేటప్పుడు కొంచెం బలం తగ్గవచ్చు. మీరే ఆలోచించుకోండి అంది. నేనేం ఆలోచించలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నోరు కదా, ఆపరేషనే చెయ్యండని వెంటనే తేల్చేశాను. తీగ వేసి బిగించింది గట్టిగా ఉంటుందని నా ఇంగితం.

మామ నన్ను ఒకసారి చూసి, కుర్చీలో డాక్టరమ్మ వైపు జరిగాడు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె తాడు లాగుతున్నట్టు గాలిలో లాగి చూపించాడు. "చూడు తల్లీ, మగ్గంలో చెయ్యి ఈడినుంచి ఈడికే ఆడేది. కొసాకు సాపేది యాడుండాది? నాకు ఈ కాస్త మడిచేది వస్తే చాలు" అన్నాడు. డాక్టరమ్మ ఆ చేతిని శ్రద్ధగా చూసి, అయితే కట్టు చాలు అంది. వారానికోసారి ఎక్స్‌రేలో ముక్క జరగలేదని చూసుకోవాలి. మూడు వారాలకు కట్టు విప్పి మెల్లగా కదిలించడం మొదలుపెట్టాలి. మోచెయ్యి కదలకుండా ఉంటే తొందరగా బిగిసిపోతుందని రెండుసార్లు చెప్పింది.

చెప్పినా ఏం లాభం. కట్టు విప్పారు, మామ మాత్రం చేతిని కదిలించలేదు. మెడకు పంచె గుడ్డ వేలాడదీసి మళ్లీ అందులోనే పెట్టుకున్నాడు. అడిగితే నేత లెక్క చెప్పాడు. "తెగిన పోగును అతికించినాక ఊరికే లాగి చూస్తారా పాపా? లాగితే మళ్లా తెగుతాది. దాన్ని అట్లే పెట్టల్ల." యాభై ఏళ్లుగా పోగులు అతికించినవాడితో వాదించేదెట్లా? నాకూ నిజమేననిపించింది, అదీ నా చదువు. మరో రెండు వారాలకు చూపిస్తే, ఎముక బాగానే అతికింది కానీ కీలు బిగిసిందని డాక్టరమ్మ మా ఇద్దరినీ కలిపి కోప్పడింది. అప్పటికి ముద్ద నోటికి అందడం లేదు. మామ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటుంటే చూడలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. మళ్లీ మగ్గం ఎక్కుతాడా అని ఎవరూ పైకి అడగలేదు. చీర మూడోవంతు దగ్గరే ఆగి, దాని మీద దుప్పటి కప్పి ఉంది.

రోజుకు ఇన్నిసార్లని డాక్టరమ్మ రాసిచ్చిన కసరత్తులు మామ రెండు రోజులు చేసి మానేశాడు. ఊరికే చెయ్యి ఊపడం ఆయనకు సిగ్గు. అప్పుడు మా అత్త ఒకరోజు ఆ దుప్పటి తీసేసింది. మా వాళ్లలో మగవాళ్లు నేస్తారు, ఆడవాళ్లు రాట్నం తిప్పి నాడెలో పెట్టే కండెలకు పట్టుపోగు చుడతారు. అత్త పుట్టింట్లో నేసేదని నాకు ఆ రోజే తెలిసింది. గుంతలో దిగి కూర్చుని, మొగుడి వైపు చూడకుండానే, "నేను ఈడ కూచుంటే కండెలు చుట్టేది ఎవురు మరి?" అంది. రాట్నం పిడి కుడిచేతి వైపు ఉంటుంది.

మామ ఒక పూట అలిగాడు. మధ్యాహ్నానికి అక్కడ కండె ఖాళీ అయ్యి మగ్గం ఆగింది. నేత మధ్యలో మగ్గం ఆగితే ఆయన భరించలేడు, వచ్చి రాట్నం ముందు కూర్చున్నాడు. మొదట పిడి సగం తిరిగి ఆగేది. మూలుగుతూ తిప్పేవాడు. కండె అయిపోతే అత్త చెయ్యి చాచేది, అంతే. వారాలు గడిచే కొద్దీ పిడి గుండ్రంగా తిరగసాగింది. ఒకరోజు ఫోన్ చేసి, కుడిచేత్తో సంగటి ముద్ద తిన్నానని చిన్నపిల్లాడిలా చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషానికే.

మామ పడి నాలుగు నెలలై, కొంగు మొదలయ్యే నాటికి నేను మళ్లీ ధర్మవరం వెళ్లి ఉన్నాను. మామ మగ్గం పక్కకు వచ్చి నిలబడి, "కొంగు నేను నేస్తా, లెయ్యి" అన్నాడు. అత్త తలెత్తలేదు. "ఈ వరస అయిపోనీ" అంది. అయ్యాక లేచింది. మామ తాడు లాగాడు, నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. ఆ చెయ్యి ఇప్పటికీ కొసాకు సాగదు. మగ్గం ఇంతవరకు అడగనూ లేదు. అత్త తిరిగి పూర్తిగా రాట్నానికి పోలేదు, పొద్దున ఆమె నేస్తుంది, మధ్యాహ్నం ఆయన.

ఇదంతా విని కోడలు చీరను మళ్లీ తడిమింది, ఈసారి మెల్లగా. మొదలు మామది, కొంగు మామది, నడుమ ఆ మెత్తటి చోటు అత్తది. పోయిన కాలం ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదంటారు. ఆ నాలుగు నెలలు మాత్రం ఎక్కడున్నాయో నాకు తెలుసు, నా కుచ్చిళ్లలో ఉన్నాయి.