గుండు జారకూడదు, స్టాండు తిరగాలి

నేను రిటైరయ్యే ముందటి ఏడు, మాఘమాసపు పెళ్ళిళ్ళ రద్దీలో, జగిత్యాలలోని మా ఫోటో స్టూడియో నాకు తంగళ్ళపల్లి పెళ్ళి అప్పగించింది. సిరిసిల్లకు ఆనుకుని ఉన్న ఊరు అది. అప్పటికి నేను ఆ స్టూడియోలో వీడియోకు పెద్దను. చదివింది నాలుగో తరగతి. ఫోటోలు కడిగే గదిలో చేరి, తర్వాత లైటు పట్టి, ఆ తర్వాత స్టిల్ కెమెరా, చివరికి వీడియో. ఈ పనిలో మెట్లు ఇవే. సామాను కొనే బాధ్యత కూడా యజమాని నాకే ఇచ్చాడు. నా చేతిలోంచి రూపాయి ఊరికే జారదని ఆయనకు తెలుసు.

ఆ పెళ్ళికి ముందు కోరుట్లలో, పెళ్ళికొడుకు ఇంటి దగ్గర ఎంగేజ్‌మెంట్ జరిగింది. పెళ్ళికూతురు మౌనిక తండ్రి మల్లేశం మస్కట్‌లో పని చేస్తాడు. సెలవు దొరకలేదు. అందుకని లైవ్ పెట్టాం. స్టాండు మీది కెమెరా బొమ్మ ఆయన ఫోనుకు పోతుంది. సరిగ్గా అమ్మాయికి బొట్టు పెట్టే వేళకు కెమెరా ముందుకు వాలిపోయింది. స్టాండు తల అరిగి ఉంది, మర బిగించినా ఆగలేదు. జనాన్ని తోసుకుని నేను చేరేసరికి ఆ తండ్రికి కనిపించినవి చాప, చెప్పులు.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. తిట్టలేదు.

"అవ్వా, నిన్నేమంట లేను. కని లగ్గం నాడు గిట్ల కావద్దు. తండ్రి లేడు, అడిగే దిక్కు లేదని నా బిడ్డను ఎవ్వలు ఒక్క మాట అనద్దు. నేను గాడ ఉన్నట్టే ఉండాలె."

ఇక కాలు నిలవలేదు. మర్నాడే కెమెరాను, మా దగ్గర ఉన్న అన్నిటికన్నా బరువైన లెన్సును సంచిలో వేసుకుని సత్తయ్య దుకాణానికి పోయాను. జగిత్యాలలో కెమెరా సామాను అమ్ముతాడు.

స్టాండుకు కాళ్ళు, తల విడివిడిగా కొనాలి. ముందు కాళ్ళు. సన్నగా, తేలిగ్గా ఉండే కొత్త రకం చూపించాడు. మోయడానికి హాయే. కానీ తంగళ్ళపల్లిలో పెళ్ళింటి పక్కనే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటాయి. నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. పైగా ఆ కాళ్ళు పొట్టివి. నడిమి గొట్టం పైకి లేపితే గాని కెమెరా నా కంటి ఎత్తుకు రాలేదు. గొట్టం లేపామా, మూడు కాళ్ళ స్టాండు ఒంటికాలి మీద నిలబడ్డట్టే. గొట్టం లేపకుండానే ఎత్తు అందాలన్నది నా లెక్క. మూలకు పడి ఉన్న పాత అల్యూమినియం కాళ్ళు తీయించాను. లావువి, గీతలు పడ్డవి. మరలు మాత్రం గట్టిగా ఉన్నాయి. అవి చాలన్నాను.

తర్వాత తల. వీడియోకు చేతికర్ర ఉన్న తల వేరే దొరుకుతుంది. కానీ మా స్టూడియోలో స్టిల్‌కూ వీడియోకూ ఒకటే స్టాండు, రెండు కొనడం నాకు ఇష్టం లేదు. అందుకే బాల్ హెడ్. గిన్నెలో కూర్చున్న లోహపు గుండు అది. మర వదులు చేస్తే కెమెరా ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఆగాలి. ఆగుతుందా లేదా అన్నదే పరీక్ష. బరువు లెన్సు బిగించి, ఎదురుగోడ మీది సున్నం గీతను కెమెరా తెర నడిమికి తెచ్చి, మర బిగించి, చేతులు తీసేసి కూర్చునేదాన్ని. కొంతసేపటికి గీత పైకి పోయిందంటే గుండు జారినట్టు. ఒకటి జారింది. ఇంకోటీ జారింది.

సత్తయ్యకు విసుగొచ్చింది. "అవ్వా, నువ్వు స్టాండు సూస్తున్నవా, పెండ్లి సంబంధం సూస్తున్నవా?"

"సంబంధమైతె ఒక్కసారి సూసి ఒప్పుకుంటరు. దీన్ని నేను రోజు భుజాన మొయ్యాలె. ఇంకోటి తియ్యి."

చివరికి తీసినదానికి రెండు మరలున్నాయి. గీత కదలలేదు. ధర మాత్రం కాళ్ళకన్నా ఎక్కువ. రెండో మర నాకెందుకని గొడవపడ్డాను.

"అవ్వా, పై మర ఇప్పితె గుండు మొత్తం వదులైతది, కెమెరా మీద పడ్తది. గీ కింది మర ఇప్పు. గుండు గట్లనే ఉంటది, కింది పీట ఒక్కటే తిరుగుతది."

లైవ్ కెమెరా ఒకచోట పెట్టి వదిలేసేదే, దానికి తిరుగుడెందుకని నా వాదం. అయినా జారనిది అదొక్కటే. సణుక్కుంటూనే కొన్నాను.

పెళ్ళినాడు స్టాండును మండపానికి ఎదురుగా, టెంటు గుంజ పక్కన వేసి, నడిమి కొక్కేనికి బరువు కోసం నా సంచి తగిలించాను. కాళ్ళు కదలలేదు, గుండు జారలేదు. మల్లేశం ఇంకో ఫోనులో నా చెవిలోనే ఉన్నాడు. ఇక కుదురుగా చూస్తాడనుకున్నాను.

"అవ్వా, జర వంటల దిక్కు తిప్పు. అన్నం దించిన్రా?"

కింది మర వదులు చేసి తిప్పాను. "గేటు దిక్కు తిప్పు. ఎవలచ్చిన్రు?" తిప్పాను. "మగపెండ్లోల్లు కూసున్నకాడ ఫ్యాన్లు తిరుగుతున్నయా?" లైవ్‌లో బొమ్మ కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆయన ఆగమనే లోపు నేను దాటిపోయేదాన్ని. దాంతో బియ్యంలో రాళ్ళు చూసినంత మెల్లగా తిప్పవలసి వచ్చింది.

"ముహూర్తం దగ్గరికచ్చింది, మండపం సూడయ్యా" అని గదమాయించాను.

"మండపంల అయ్యగారున్నడు, సూసుకుంటడు. నువ్వు మల్ల గేటుకు తిప్పు... అగో, ఆపు! గా బండి మీద కూసున్నది మా వియ్యపురాలి తమ్ముడు గాదు?"

టెంటు అంచున ఒకాయన మోటార్‌సైకిల్ మీద, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, ముఖం రోడ్డు వైపు తిప్పి కూర్చున్నాడు. కోరుట్ల నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనమామ. మల్లేశం తన తమ్ముడు రాజేశాన్ని పిలవమన్నాడు. పిలిచి ఫోను అతని చేతికిచ్చాను. గొంతు నాకూ వినిపించింది.

"గాయినకు బొట్టు పెట్టి లోపటికి తీస్కచ్చిన్రా? బట్టలు పెట్టిన్రా?"

"ఎప్పుడచ్చిండో ఏమో అన్నా, గీ గడబిడల ఎవలు జూసిన్రు?"

"నేను మస్కట్ల ఉండి సూస్తున్న, నువ్వు గాడ ఉండి సూస్తలెవ్వా? ఉరుకు!"

రాజేశం ఉరికాడు. అప్పటికే ఆ మేనమామ హెల్మెట్ తలకు పెట్టాడు, బండి స్టార్టయింది. రాజేశం హ్యాండిల్ పట్టుకుని, ఏదో చెప్పి, ఫోను ఆయన చెవికి ఆనించాడు. మల్లేశం ఏమన్నాడో నేను వినలేదు. ఆయన మాత్రం ఇంజన్ ఆపి దిగాడు. మేనమామ అలిగి పోతే పిల్లవాడు పీట మీద కూర్చునేది లేదని పెళ్ళికొడుకు తల్లి పంతం పట్టినట్టు తర్వాత తెలిసింది. జీలకర్ర బెల్లం వేళకు జరిగింది. ఆ వేళ కూడా మల్లేశం సగం మనసు భోజనాల బంతుల మీదే, ఎవరికి విస్తరి పడలేదోనని.

అప్పగింతలప్పుడు కెమెరా మౌనిక మీద ఉంది. నేనే అడిగాను, ఎటు తిప్పమంటావని.

"ఇగ తిప్పకవ్వా. గట్లనే ఉండనియ్యి."

కింది మర బిగించి, చేయి తీసేశాను.

ఆ పెళ్ళి వరకు లైవ్ ఒప్పుకుంటే ముహూర్తం, కరెంటు, మండపం ఎటు ముఖమన్నవే అడిగేదాన్ని. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కలిపాను: చూసే మనిషి ఇక్కడే ఉంటే ఎక్కడెక్కడ తిరిగేవాడు? జవాబు విన్నాకే స్టాండు ఎక్కడ వేయాలో చూసుకునేదాన్ని. స్టాండు కొనబోయేవాళ్ళు కూడా దుకాణంలో కాలు పెట్టకముందే ఆ మాట అడిగి తెలుసుకోవాలి.