సున్నాల సారుకు నేను చెప్పిన పైథాన్ పాఠం

తిరుపతిలో సందుకొక కంప్యూటర్ సెంటరు పుట్టుకొచ్చిన కాలం అది. మేడమీద ఒక గది, నాలుగు కంప్యూటర్లు, గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప ఉంటే చాలు, దాన్ని ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్ళు. పిల్లలకన్నా ఒక రోజు ముందు పాఠం చదివినవాళ్ళను ఫ్యాకల్టీ అనేవాళ్ళు. ఆ లెక్కన నేనూ ఫ్యాకల్టీనే. డిగ్రీ అయిపోగానే చంద్రగిరి నుంచి రోజూ బస్సెక్కి, ఒళ్ళో లావుపాటి పుస్తకంతో వెళ్ళేదాన్ని. (పుస్తకం పేరు పక్కసీటు వాళ్ళకు కనపడేలా పట్టుకునేదాన్ని.) మా నాయనకు మాత్రం నేను బి.ఎడ్. చేసి బళ్ళో టీచరు కావాలని. "ఎండాకాలం దాకా సూస్తాను. ఆ ఉద్యోగం నిలబడితే సరి, లేకుంటే బి.ఎడ్.కి అప్లికేషన్ ఏసేయాల" అని గడువు పెట్టేశాడు.

సెంటరు ఓనరు తన బల్లమీద 'డైరెక్టర్' అని పలక పెట్టుకున్నాడు కాబట్టి మేము ఆయన్ను డైరెక్టరన్న అనేవాళ్ళం. ఒకసారి బెంగుళూరు వెళ్ళొచ్చి, బ్యాగు కూడా దించకుండా నన్ను పిలిచాడు. "ఇంక మీదట అంతా పైథానేనంటమ్మా. ఆదివారం డెమో క్లాసు పెడతుండాము, నువ్వే చెప్పాల. పదిమందన్నా చేరకుంటే ఈ కోర్సూ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదు" అన్నాడు. అప్పటికే బ్యానరుకు కూడా పురమాయించాడు. పైథాన్ అంటే పాము అని పెయింటరుకు ఎవరో చెప్పినట్టున్నారు, పడగ విప్పిన నాగుపామును నిలువెత్తున గీశాడు. (మర్నాటికి ఎవరో దానికి పసుపు కుంకుమ పెట్టి వెళ్ళారు. తుడవడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు.)

నాకు పైథాన్ అనే ఆ కంప్యూటరు భాషలో అక్షరం ముక్క రాదు. ఆ వారమంతా పుస్తకంలోని మొదటి అధ్యాయాలు బట్టీ పట్టాను. ఇంట్లో అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని ఆమెకే పాఠం అప్పజెప్పాను. "వేరియబుల్ అంటే ఒక విలువకు మనం పెట్టుకునే పేరమ్మా. డేటా టైప్ అంటే ఆ విలువ ఏ జాతిదో చెప్పేది. అంకెలొక జాతి, అక్షరాలొక జాతి." అమ్మ చిక్కుడు గింజ చేతిలో పట్టుకుని ఆగిపోయి, "అంకెలకు గూడా జాతులుండాయా! ఏం కాలమొచ్చిందే" అని నిట్టూర్చింది.

ఆదివారం గది నిండిపోయింది. డిగ్రీ పిల్లలు, వాళ్ళను తీసుకొచ్చిన ఒకరిద్దరు తండ్రులు, గోడకానుకుని డైరెక్టరన్న. నేను గొంతు సవరించుకునేసరికి తలుపు దగ్గర గొడుగు మడుస్తూ ఒక మనిషి కనపడ్డాడు. ఆయన మా హైస్కూలు లెక్కల సారు. పేపర్లలో ఎర్రసిరాతో సున్నాలు ధారాళంగా వడ్డించేవాడు కాబట్టి బడంతా ఆయన్ను సున్నాల సారు అనేది. రిటైరై ఇంట్లో ఉంటున్నాడట. వంటింట్లో బియ్యం కొలతలు సరిదిద్దుతుంటే వాళ్ళింటావిడ ఆ పోరు పడలేక "యాడికన్నా పోయి ఏమన్నా నేర్చుకోండి" అని పంపేసిందట. నేరుగా ముందు బెంచీలో కూర్చుని, "కానీమే" అన్నాడు.

మొదట్లో బాగానే నడిచింది. పేరు ఎడమపక్క, విలువ కుడిపక్క అన్నాను. ఏడునూ రెండునూ కొటేషన్ గుర్తుల మధ్య రాసి కలిపితే డెబ్బైరెండు వచ్చింది. కొటేషన్ల మధ్య ఉన్నవి అంకెలు కావు, అక్షరాలు, అందుకే పక్కపక్కన అతుక్కున్నాయి అంటే పిల్లలు నవ్వారు. నాకు ధైర్యమొచ్చి కొటేషన్లు తీసేసి కూడికా, తీసివేతా చేసి చూపించాను. అక్కడితో ఆపినా బాగుండేది.

"భాగారం గూడా సెయ్యి సూస్తాం" అన్నాడు సారు.

ఏడును రెండుతో భాగించాను. తెరమీద మూడు అని పడింది. (ఇప్పటి పైథాన్ అలా చెయ్యదు. అప్పటిది అలాగే చేసేది.)

"మూడా? మిగిలిన అర యాడికి పోయిందిమే?"

"కంప్యూటరు దగ్గరి అంకెకు సవరిస్తాది సార్" అన్నాను. ఆ మాట నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"సవరిస్తే నాలుగు రావాల గదా. మూడెట్లొస్తాది?"

గదంతా నా మొహంలోకి చూసింది. డైరెక్టరన్న గోడమీద నుంచి వీపు తీశాడు. నా కళ్ళ ముందు బి.ఎడ్. అప్లికేషన్ రెపరెపలాడింది. సారు ఇక ఆగలేక, "లెయ్యి, నేను సూస్తా" అని కంప్యూటరు ముందు కూర్చుని, ఒకే వేలితో, ఒక్కో అక్షరాన్నీ కీబోర్డంతా వెతికి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాడు. a = 7 అని కొట్టి పక్కనే చుక్క పెట్టాడు. b = 2 అని కొట్టి మళ్ళీ చుక్క.

"చుక్క ఎందుకు సార్?"

"వాక్యం అయిపోతే చుక్క పెట్టాల. నీకు నేర్పించలేదా నేను?"

మూడో వరుసలో a/b కొట్టి, దానికీ చుక్క పెట్టబోతుంటే, అది తప్పని కంప్యూటరు అందరి ముందూ అరుస్తుందన్న భయంతో నేను గబుక్కున ఎంటర్ నొక్కేశాను. తెరమీద 3.5 వచ్చింది.

అప్పుడు వెలిగింది నాకు, పుస్తకంలో చదివి అర్థం కాక దాటేసిన పేరా. "సార్! చుక్క లేకుంటే దానికి పూర్ణాంకం, ఇంట్ అంటారు. రెండు పూర్ణాంకాలను భాగిస్తే పూర్ణాంకమే ఇస్తాది, మిగిలింది వదిలేస్తాది. మీరు చుక్క పెట్టినారు గదా, అది దశాంశమైపోయింది. దాన్ని ఫ్లోట్ అంటారు. అందుకే అర బతికింది!"

సారు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఇది నీకు ముందే తెలుసునా?"

"లేదు సార్. మీరు చుక్క పెట్టినంకనే తెలిసింది."

ఆ మనిషి నవ్వగా మా బడిలో ఎవరమూ చూడలేదు. ఆ రోజు పొట్ట పట్టుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత డైరెక్టరన్న వైపు తిరిగి, "రాసుకో అబ్బా, మొదటి పేరు నాదే" అన్నాడు. ముసలాయనే చేరితే మనకేం అనుకున్నారో ఏమో, పిల్లలూ వరసగా లేచి చేరారు. సాయంత్రానికి వార్త మా ఊరు చేరిపోయింది. "మీ లెక్కల సారుకే పాఠం సెప్తుండావంటనే!" అని మా నాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. బి.ఎడ్. మాట మళ్ళీ ఎత్తలేదు.

సారు ఒక్క క్లాసు మానలేదు. రెండో రోజు నుంచి నన్ను మేడం అనడం మొదలుపెట్టాడు, వద్దంటే వినలేదు. కోర్సు చివర పరీక్ష పెడితే తొంభై ఎనిమిది వచ్చాయి. అందరూ వెళ్ళిపోయాక పేపరు పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మేడం, ఈ రెండు మార్కులు యాడ తగ్గినాయో సెప్తారా?"

"వేరియబుల్ పేరు ఒకచోట పెద్ద అక్షరంతో, ఇంకోచోట చిన్న అక్షరంతో రాసినారు సార్. కంప్యూటరుకు అవి రెండూ వేరే పేర్లు."

పేపరు తిప్పి చూశాడు. "తప్పు ఒకటే గదా. ఒక మార్కు కొయ్యండి, రెండెందుకు?"

ఒకటి కలిపి తొంభై తొమ్మిది చేశాను. "నా సర్వీసులో ఎవరికీ ఒక్క మార్కు కలపలేదు నేను. మీరు మరీ మెత్తన" అని కసురుకుంటూ పేపరు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. వీధిలోకి వెళ్ళి, చుట్టూ ఒకసారి చూసి, ఆ పేపరు మళ్ళీ బయటికి తీసి చూసుకున్నాడు.

ఇప్పుడు నేను పెద్ద గదుల్లో, మైకు పట్టుకుని పాఠాలు చెబుతున్నాను. తెలియనిది ఎవరన్నా అడిగితే నోటికొచ్చింది చెప్పను, రేపు చూసి చెబుతానంటాను హాయిగా. కానీ ఆ రోజు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, కింద ఒక పెద్దాయన మురిసిపోతుంటే తనకే ఆ మార్కులు వచ్చినట్టు గంతులేసిన పిల్ల ఒకతి, అప్పటి నేనే, ఉంది చూశారా, అది మళ్ళీ ఎప్పుడన్నా ఎదురైతే, కాసేపు కూర్చోబెట్టుకుని మంచి కాఫీ ఒకటి ఇవ్వాలని ఉంటుంది.