అక్క పాదం, నేను కొన్న బ్రేకు ప్యాడ్లు

మొన్న గద్వాలలో ఒక కార్ల షోరూముకు వెళ్లాను. కారు కొనేది మిత్రుడు. అవసరమైన చోట తల ఊపడం నా పని. "పై రకం బ్రేకు ప్యాడ్లు వేయించుకుంటే పెడల్ ఫీలే మారిపోతది సార్" అన్నాడు అక్కడి సేల్స్‌మన్. నేను చెప్పులు విడిచి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంజను స్టార్టు చేయించి, వట్టి పాదంతో బ్రేకు తొక్కి చూశాను. ఇది గుడి కాదు సార్ అని ఆయన నోటితో అనలేదు గానీ, ముఖంతో అన్నాడు. మిత్రుడు నన్నెరగనట్టు గోడ మీది పోస్టరు చదవసాగాడు. ఈ అలవాటు నాకు మా అక్క నుంచి వచ్చింది. ఆమె నుంచి వచ్చినవాటిలో ఇది చిన్నది. పెద్దది నా డిగ్రీ.

మాది గోపాల్‌పేట దగ్గరి పల్లె. వానలు ముఖం చాటేసిన ఏడల్లా అమ్మానాన్నా ఇటుక బట్టీలకు వలస పోయేవారు. నన్ను హాస్టల్లో వేసి అక్కను వెంట తీసుకుపోయేవారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవాలని నేను నేర్చుకుంటున్న రోజుల్లో అక్క మన్ను తొక్కేది. ఇటుకల మన్నులో ఎక్కడ గడ్డ ఉందో, ఎక్కడ గాలి బుడగ దాక్కుందో పాదానికే తెలియాలి. తెలియకపోతే కాల్చినప్పుడు ఇటుక పగిలి మేస్త్రి నోరు లేస్తుంది. అక్క తొక్కిన మన్నుకు మేస్త్రి ఎన్నడూ నోరెత్తలేదట. ఆమెకు అప్పట్లో అందిన సన్మానం అదొక్కటే. పెద్దయ్యాక డ్రైవింగు నేర్చుకుని, పాత కారొకటి కొని వనపర్తిలో అద్దెకు తిప్పసాగింది. స్టాండు మొత్తానికి ఆమె ఒక్కతే ఆడమనిషి. దవాఖాన బేరాలు, పెండ్లిచూపుల బేరాలు వచ్చేవి. శ్రీశైలం బేరం మాత్రం ఎవరూ ఇచ్చేవారు కాదు. నల్లమల ఘాటు దిగాలంటే మగకాలు ఉండాలని స్టాండు అభిప్రాయం. కాళ్లలో అటువంటి తేడా ఉంటుందని మాకు బీఎస్సీలో చెప్పలేదు.

చివరికి ఒక పెద్దాయన, తన భార్యను ఒకసారి కుదుపు లేకుండా దవాఖానకు చేర్చిందన్న గుర్తుతో, శ్రీశైలానికి అక్కనే మాట్లాడుకున్నాడు. "గీ ఒక్క బేరం మంచిగ చేస్తె స్టాండు నోరు మూస్తది తమ్మీ" అంది అక్క. బ్రేకు పెడల్ కొంచెం మెత్తగా ఉందని కూడా అంది. అప్పటికి నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను కాబట్టి నాకు తెలియని విషయమంటూ లేదు. మూడు రోజులు ఫోన్లో చదివి, ఉన్నవాటిలో మేలైన ప్యాడ్లు తెప్పించి, బేరానికి ముందు రాత్రి వేయించి, "ఇక పెడల్ రాయిలా ఉంటుంది చూడక్కా" అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

బేరం నాటి పొద్దున సామాన్లు ఎక్కాయి, పెద్దాయన, ఆయన భార్య ఎక్కారు, తోడుగా నేనూ ఎక్కాను. అక్క చెప్పులు విడిచి స్టీరింగుకు దండం పెట్టి, ఇంజను స్టార్టు చేసి, వట్టి కాలితో బ్రేకు తొక్కింది. మళ్లీ తొక్కింది. మూడోసారి తొక్కి ఇంజను ఆపేసింది.

"నీ ప్యాడ్లు మంచియే తమ్మీ. పట్టు ఉన్నది. కని పెడల్ మెత్తగనే ఉన్నది. బురదల బుడగ తొక్కినట్టున్నది."

"కొత్తవి కదక్కా. వంద కిలోమీటర్లు పోతే సర్దుకుంటాయి."

"వంద కిలోమీటర్లు పోయినంక మనం ఘాటుల ఉంటం. ఆడ సర్దుకోకపోతె?"

స్టాండులో నవ్వులు మొదలయ్యాయి. "ఏందక్కా, ఘాటు పేరు ఇంటెనే కాళ్లు వణుకుతున్నయా?" అన్నాడు ఒక డ్రైవరు. "జర పక్కకు జరుగు, నేను తీస్కపోత." అప్పుడు చదువుకున్నవాణ్ని గనక నేనొక మాటన్నాను. "భయమైతే చెప్పక్కా, వేరే బండి మాట్లాడుదాం." అక్క నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. పెద్దాయన వైపు తిరిగింది.

"పెద్దయ్యా, రెండు గంటలు ఆగితె తీస్కపోత. ఆగనంటె గా బండ్ల పో, నేనేం అనుకోను. గిట్ల మాత్రం తోల."

పెద్దాయన కాసేపు గడియారం చూశాడు. కాసేపు అక్కను చూశాడు. "ఆగుత తియ్ బిడ్డా. మల్లన్న ఏడికి పోతడు?" అని చాయ్ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

స్టాండు వెనకే ఉస్తాద్ షెడ్డు. ముసలి మెకానిక్. ముందు చక్రం విప్పి, అక్కను పెడల్ తొక్కమని, నన్ను దగ్గరికి పిలిచాడు. అక్క తొక్కినప్పుడల్లా చక్రం దగ్గరి రబ్బరు పైపు కప్ప గొంతులా ఉబ్బుతోంది. "సారూ, ప్యాడ్లు చక్రాన్ని పట్టెటియి. కాలు తొక్కిన జోరు ఆడిదాంక పోవాలె గద? దార్ల గీ పైపు తింటున్నది. బంగారు ప్యాడ్లు ఏసినా గింతే" అన్నాడు. "గిది ఘాటుల పోతె…" అంటూ పానా అందుకున్నాడు. పైపులు మార్చి, కొత్త బ్రేకు ఆయిల్ పోసి, పైపుల్లో చేరిన గాలి తీయడం మొదలుపెట్టాడు. "తొక్కు బేటీ… పట్టు… ఇడువు." బుడగలు వచ్చి వచ్చి ఆగిపోయాయి. అక్క ఒకసారి గట్టిగా తొక్కి, "ఇగ మన్ను పదునైంది" అంది. ఉస్తాద్ పాత పైపును చేతికి చుట్టుకుని స్టాండు దాకా వచ్చి అందరికీ చూపించాడు. ఒక్కసారిగా డ్రైవర్లందరికీ ముఖ్యమైన ఫోన్లు వచ్చాయి.

ఘాటు మలుపుల్లో నేను హెచ్చరిక బోర్డులన్నీ శ్రద్ధగా చదివాను. సగం దిగాక వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. డ్రైవరుకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏ ఆఫీసూ ఇవ్వలేదు.

వారం తర్వాత, కాళ్లు వణుకుతున్నయా అన్న డ్రైవరే వచ్చి నేల చూపులు చూస్తూ, "అక్కా, రేపు ఘాటుకు పోతున్న. జర నా బండి గూడ తొక్కి చూడు" అన్నాడు. "నా కాళ్లు వణుకుతయి గదరా" అంటూనే అక్క చెప్పులు విడిచింది. ఇప్పుడు శ్రీశైలం బేరమున్న ఏ బండైనా ముందు అక్క పాదం కిందికి రావలసిందే. రుసుము ఒక చాయ్.

షోరూములో నేను పాదం తీసి, "బాగుంది, కానీ ఇది ప్యాడ్ల గొప్ప కాదు" అన్నాను. ఎవరూ కారణం అడగలేదు. అక్క మన్ను తొక్కిన ఏళ్లన్నీ బురదలో కలిసిపోయాయని నేను చాలాకాలం లోలోపల కుములుతూ వచ్చాను. కాలం వాటిని ఎక్కడ దాచిందో తెలియాలంటే ఆమె చెప్పులు విడిచేదాకా ఆగాల్సి వచ్చింది.