సంతకం పెట్టని రూతమ్మ

నేరేడుచర్ల బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడిపే రూతమ్మ సంతకం పెట్టదు. రాక కాదు, పదో తరగతి చదివింది. పెట్టదంతే. కొరియర్ వచ్చినా, కొడుకు ప్రోగ్రెస్ కార్డు వచ్చినా భర్త ఏసుబాబును ముందుకు తోస్తుంది. ఒకప్పుడు మహిళా సంఘం లోనుకు పదిమందితో కలిసి సంతకం పెడితే, ఒకామె ఊరు విడిచి పోయింది. ఆమె వాటా మిగతావాళ్ల నెత్తిన పడింది. అప్పట్నుంచి ఎవరు కాగితం తీసినా రూతమ్మది ఒకటే ప్రశ్న: "సంతకం ఎవరిది?"

ఏసుబాబుకేమో పెన్ను కనిపిస్తే చెయ్యి ఆగదు. మిర్యాలగూడలో ఫైనాన్సు తీసుకుని డీజే బాక్సులు కొన్నాడు. గరిడేపల్లిలో మొదటి బరాత్‌లోనే రెండూ పేలాయి. పెళ్లికొడుకు గుర్రం దిగి పరుగెత్తాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కిస్తీలు ఆగేసరికి వసూలుకు ఫైనాన్సు మనిషి సంపత్ వచ్చాడు. ఏసుబాబు బండి వెనక నక్కాడు.

"అక్కా, నీ మొగడు కట్టకపోతే నువ్వే కట్టాలె. లేకుంటే గీ గ్రైండర్ తీస్కపోత."

గ్రైండర్ పోతే బండి ఖతం, ఇల్లు పస్తు. ఏసుబాబు బండి వెనక ఇంకా కిందికి వంగాడు. రూతమ్మ తీరిగ్గా పిండి చెయ్యి కడుక్కుంది.

"సంతకం ఎవరిది, తమ్మీ?"

"అన్నది."

"జమానతుకు నేనేమన్న పెట్టిన్నా?"

"లేదు. గని మొగని అప్పంటే పెండ్లానిది గాదా?"

"ఎట్లయితది? చర్చి రిజిస్టర్ల ఒక్క సంతకం పెట్టిన. అది పెండ్లికి, ఫైనాన్సుకు కాదు. దానికే ఇంత పరేషాన్ అయితున్న. గ్రైండర్ బిల్లు నా పేరు మీదున్నది. ముట్టుకో, స్టేషన్ల మాట్లాడుకుందం. అప్పు తీసుకున్నాయన గీ బండెనకనే ఉన్నడు, అడుక్కో."

సంపత్ ఎవరికో ఫోన్ చేశాడు. తర్వాత రెండిడ్లీలు తిని, పైసలిచ్చి మరీ వెళ్లాడు. మర్నాడే రూతమ్మ మొగుణ్ణి కోదాడ రూట్లో కిరాయి ఆటో నడపడానికి తోలింది. తన కిస్తీ తనే కట్టుకోవాలంది.

ఆ వారమే తండా నుంచి ద్వాళి వచ్చింది, బండికి ఏళ్లుగా పల్లీలు తెచ్చే ముసలామె. మేకలమ్మిన ఎనిమిది వేలు ఆమె దగ్గర ఏసుబాబు తీసుకున్నాడు. ఆ సంగతి రూతమ్మకు తెలియదు.

"మనుమరాలికి ఫీజు కట్టాలె బిడ్డా. బాక్సులకని నీ మొగడు తీస్కున్నడు."

"సంతకం ఎవరిది?"

"సంతకమేంది, మాటనే." ద్వాళి కొంగు సర్దుకుని లేచింది. "సంతకం లేకుంటే నువ్వియ్యవని అందరు చెప్పిన్రు. ఊకె అడిగి సూద్దామని వచ్చిన."

ఇడ్లీ తిందామని ఆటో ఆపి వచ్చిన మొగుడికేసి రూతమ్మ ఒక్క చూపు చూసింది. "కూసో అవ్వా," అంది. డబ్బాలోంచి మూడు వేలు తీసి ద్వాళి చేతిలో పెట్టింది. కొడుకు నోటుబుక్కులో పేజీ చింపి, మిగతా ఐదు వేలు తానే ఇస్తానని రాసి, కింద సంతకం పెట్టింది.

ఏసుబాబు ప్లేటు పక్కన పెట్టి కాగితం మీదికి వంగాడు. "నా అప్పుకు నీకు సంబంధం లేదంటివి గదనే?"

"లేదు. గందుకే సంతకం పెడుతున్న."

ద్వాళి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "నాకు సదువు రాదు బిడ్డా. ఇది చెల్లుతదా?"

"ఎవరికన్న సూపెట్టి, సంతకం ఎవరిదని అడుగు."

ద్వాళి బస్టాండంతా తిరిగి అడిగింది. ఒక్కరూ నమ్మలేదు. ఇది కచ్చితంగా ఏసుబాబు పెట్టిన దొంగ సంతకమే అన్నారు.