పార్వతక్క సరిచేసిన ఫారం

నిన్న మధ్యాహ్నం పార్వతక్క తమ్ముడు ఫోన్ చేశాడు. "మా అక్క పోయిందన్నా" అన్నాడు.

"ఏ అక్క?" అని అడిగాను. నిజంగానే అడిగాను.

జ్వరం తగ్గింది, సోమవారం ఆఫీసుకు వస్తానని మొన్ననే మెసేజ్ పెట్టింది మరి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్కది నౌపడ దగ్గర చేపలు పట్టే కుటుంబం. రాజాంలో మేం వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులో నాలుగేళ్లు నా పక్క సీటు.

నేను కోడ్‌లో దేనికైనా డివ్ అనే ఉత్త డబ్బా పెట్టేసేవాడిని. పైకి బటన్‌లా కనపడితే చాలు. రంగులూ సైజులూ రాసే సీఎస్ఎస్‌లో ఒక్కోదానికి నేను పెట్టే క్లాస్ పేర్లు బాక్స్ వన్, బాక్స్ టూ, రెడ్.

"ఒరే, ఈ రెడ్ ఏటిరా? రేపు రంగు మారిస్తే దీన్నేటని పిలుస్తావు? అది సేసే పనిబట్టి పేరెట్టు" అనేది.

నాకు ఒళ్లు మండేది.

ఒకసారి ఒక కాలేజీకి ఉద్యోగాల అప్లికేషన్ ఫారం చేశాం. గడువుకు ముందురోజు ఒక సంగీతం మాస్టారు ఆఫీసుకే వచ్చారు. ఆయనకు చూపు లేదు. తెర మీద ఉన్నది ఫోనే చదివి వినిపిస్తుంది.

మా ఫారం తెరిస్తే అది ప్రతి గడి దగ్గరా "ఎడిట్ బాక్స్" అనే అంటోంది. ఏది పేరుకో, ఏది చదువుకో చెప్పదు. సబ్మిట్ దగ్గర అసలు నోరే మెదపదు.

"మావాళ్లు నింపేస్తారు లెండి" అన్నారు మా సార్.

"నా పేరు నేను రాసుకోనేనా బాబూ?" అన్నారు మాస్టారు.

అక్క లేచింది. "సాయంత్రానికి సరిసేసేస్తాను సార్."

వేరే పని ఆగిపోతుందని సార్ అరిచారు.

"ఆగనీయండి సార్. తప్పు మనది."

ఆ ఫారం రాసింది నేను. ఆ సంగతి అక్కకు తెలుసు. అయినా 'మనది' అంది.

ప్రతి గడికీ అదేంటో ఫోన్ చదివేలా లేబుల్ పెట్టింది. డివ్ తీసేసి అసలైన బటన్ పెట్టింది. మాస్టారు మా ముందే కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా మొత్తం నింపారు. "మీ దరఖాస్తు అందింది" అంది ఫోన్. ఆయన దాన్ని రెండోసారి చదివించుకుని విన్నారు.

ఉద్యోగం ఆయనకే వచ్చింది.

ఈ పొద్దున్న వాళ్లింట్లో అక్క వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "మా పిల్ల అక్కడ ఏటి సేసీది బాబూ?" అని అడిగింది.

మాస్టారి సంగతంతా చెప్పాను.

"మాకెప్పుడూ సెప్పనేదే" అంది. పక్కనున్న చుట్టాలను దగ్గరికి పిలిచింది. "మల్లీ సెప్పు బాబూ, ఈళ్లు కూడా ఇంటారు."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

వెళ్లిరా అక్కా. నువ్వున్న చోట నీకు హాయిగా ఉండాలి.